నెమళ్ల తోట వేయించిన ఆఖరి రాజు

పోయిన ఎండాకాలం సెలవుల్లో వార్సా వెళ్ళాను. అక్క అక్కడ ఎంఎస్ చేసింది. నేను దిగిన మర్నాడు ఆదివారం. ఎక్కడికీ అని అడిగితే చెప్పకుండా ఒక పార్కుకి తీసుకెళ్ళింది. పేరు వజెంకి. స్పెల్లింగ్‌లో ఎల్ కనిపిస్తుంది, కానీ దాని మీద అడ్డగీత ఉంటే వ అని పలకాలట. ఆ మాటకి అర్థం స్నానాల గదులు. లోపలికి వెళ్ళగానే ఎదురొచ్చింది మాత్రం నెమలి! మన పొలాల గట్ల మీద తిరిగే నెమలే. ఇల్లు గుర్తొచ్చినప్పుడల్లా అక్క ఇక్కడికే వస్తుందని అప్పుడు తెలిసింది.

76 హెక్టార్ల తోట, మధ్యలో చెరువు, చెరువు మీద తేలుతున్నట్టుండే తెల్లటి ప్యాలెస్. వేయించింది ఎవరా అని చూస్తే, పోలండ్ ఆఖరి రాజు స్తానిస్వావ్ అవ్గుస్త్ పోన్యతోవ్‌స్కి. ఆ రాత్రి కూర్చుని ఆయన గురించి దొరికిందంతా చదివాను.

పుట్టింది 1732లో. రాజవంశం కాదు, పెద్ద జమీందారీ కుటుంబం లాంటిది. భాషలు, పుస్తకాలు, బొమ్మలంటే పిచ్చి. 1755లో బ్రిటిష్ రాయబారి దగ్గర సెక్రటరీగా రష్యా వెళ్ళాడు. అక్కడ యువరాజు భార్య కేథరిన్‌తో ప్రేమలో పడ్డాడు. ఏడేళ్ళకి ఆమె రష్యా మహారాణి అయింది. పోలండ్‌లో రాజుని ప్రభువులు ఓట్లేసి ఎన్నుకునేవాళ్ళు. 1764లో కేథరిన్ తన సైన్యాన్ని పంపి మరీ ఈయన్ని గెలిపించింది. మన భాషలో చెప్పాలంటే యూజర్ అకౌంట్ ఈయనది, అడ్మిన్ పాస్‌వర్డ్ ఆమె దగ్గర.

అయినా ఊరికే కూర్చోలేదు. 1765లో సైనిక పాఠశాల పెట్టాడు. 1773లో దేశమంతటి చదువుల కోసం ఒక కమిషన్ ఏర్పడింది. యూరప్‌లో మొట్టమొదటి విద్యాశాఖ అదేనంటారు. గురువారాల్లో కవుల్ని, పండితుల్ని భోజనానికి పిలిచేవాడు. ఈ స్థలం కూడా రాజయిన ఏడాదే కొన్నాడు. ఇక్కడ అంతకుముందు ఒక ప్రభువు కట్టించుకున్న స్నానాల ఇల్లు ఉండేది. దాన్నే మెర్లీని అనే ఇటలీ ఆర్కిటెక్ట్‌తో కొంచెం కొంచెంగా ప్యాలెస్‌గా మార్పించాడు. చెరువు ఒడ్డున మెట్లు కట్టించి, ఎదురుగా చిన్న దీవి మీద నాటకాల స్టేజీ పెట్టించాడు.

బయట మాత్రం అన్నీ ఓటములే. 1771లో తిరుగుబాటుదారులు ఆయన్ని వార్సా వీధిలోనే ఎత్తుకుపోయారు, ఎలాగో బతికి బయటపడ్డాడు. 1772లో రష్యా, ప్రష్యా, ఆస్ట్రియా కలిసి దేశంలో మూడో వంతుకి దగ్గరగా కోసుకున్నాయి. ఎదిరిద్దామంటే పార్లమెంటులో ఒక వింత రూల్ ఉండేది. ఒక్క సభ్యుడు లేచి నేను ఒప్పుకోను అంటే చాలు, మొత్తం పని ఆగిపోయేది. గ్రూప్ ప్రాజెక్టు చేసినవాళ్ళకి ఈ బాధ నేను వేరే చెప్పక్కర్లేదు.

1791 మే 3న రాజు, కొందరు సభ్యులు కలిసి కొత్త రాజ్యాంగం తెచ్చారు. యూరప్‌లో అలాంటి ఆధునిక రాజ్యాంగాల్లో మొదటిదని దాన్ని లెక్కపెడతారు. ఆ వింత రూల్‌ని కొట్టేశారు. పోలండ్ వాళ్ళు ఇప్పటికీ ఆ రోజుని పండగ చేసుకుంటారు. కానీ ఏడాది తిరిగిన కొద్దిరోజులకే కేథరిన్ సైన్యం వచ్చిపడింది. గెలవలేమనుకుని రాజు యుద్ధం ఆపేసి, తను రాసిన రాజ్యాంగానికి శత్రువులైన పక్షంలోనే చేరిపోయాడు. అక్కడ నాకు నిజంగా కోపం వచ్చింది. ఇంకొన్నాళ్ళు పోరాడి ఉండొచ్చు కదా అని.

1793లో ఇంకో ముక్క పోయింది. 1794లో తిరుగుబాటు జరిగింది. దాన్ని నడిపిన కొష్చూష్కో, ఈయన పెట్టిన సైనిక పాఠశాలలో చదివినవాడే. అదీ ఓడిపోయింది. 1795లో మిగిలిన దేశం కూడా మ్యాప్ మీద లేకుండా పోయింది. నవంబర్ 25న రాజు సింహాసనం వదులుకున్నాడు. 31 ఏళ్ళ క్రితం కిరీటం పెట్టుకున్న తేదీ కూడా అదే. 1798లో రష్యాలోనే చనిపోయాడు. 1938లో శవపేటిక పోలండ్‌కి వచ్చినా, చాలామంది దృష్టిలో ద్రోహి కాబట్టి, పుట్టిన ఊరి చర్చిలో గుట్టుగా పెట్టేశారు. వార్సాలో చోటు దొరికింది 1995లోనే.

తోట మాత్రం ఉంది. 1944లో జర్మన్ సైనికులు ప్యాలెస్‌కి నిప్పు పెట్టారు, పేల్చడానికి గోడలకి రంధ్రాలు కూడా వేశారు, కానీ పేల్చలేకపోయారు. యుద్ధంలో బూడిదైన పాత వార్సాని మళ్ళీ కట్టేటప్పుడు, ఈ రాజు కొలువులో బెలొత్తో అనే చిత్రకారుడు వేసిన వీధుల బొమ్మలు చూసుకుంటూ కట్టారు.

మర్నాడు ఇదంతా అక్కకి చెప్పాను. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత మెల్లగా అసలు విషయం బయటపెట్టింది. ఇంటర్న్‌షిప్ చేసిన చోట ఉద్యోగం ఇవ్వలేదట. మూడు నెలలుగా ఖాళీగా ఉందట. ఇంట్లో మాత్రం జాయినయ్యానని చెప్పింది. నాన్న లోన్ సంగతి తలుచుకుంటే ఫోన్‌లో నోరు రాలేదట. నాకేం చెప్పాలో తెలియలేదు. రాజు మీద వచ్చిన కోపం అక్క మీద రాలేదు. రాజు మీద కూడా కొంచెం తగ్గింది.

సాయంత్రం మళ్ళీ అదే పార్కుకి వెళ్ళాం. చెరువు ఎదురుగా మెట్ల మీద కూర్చుని అక్క నాన్నకి ఫోన్ చేసి ఉన్నదున్నట్టు చెప్పింది. నాన్న కాసేపు మాట్లాడలేదు. తర్వాత, భోజనం చేశావా అమ్మా అని అడిగారట. అక్క ఏడ్చేసింది. వెనకాల నెమలి అరుస్తూనే ఉంది.

అక్క ఇంకా వెతుకుతూనే ఉంది. ఇది తను చదివి, సరే వేసుకో అన్నాకే పంపిస్తున్నాను.