మన్యం ఎందుకు మండింది?
(అల్లూరి సీతారామరాజు జీవితం)

అల్లూరి సీతారామరాజు కథ తెలియనివాళ్లు మనలో ఎవరూ ఉండరు. 1974లో కృష్ణ గారి సినిమా వచ్చిన దగ్గర్నుంచి ఆ కాషాయ గుడ్డలు, గడ్డం, విల్లంబులు తెలుగువాళ్ల కళ్లకు అలవాటైపోయాయి. కానీ ఇంతకీ మన్యం జనం ఎందుకు తిరగబడ్డారు అని పదిమందిని అడిగి చూడండి. నాలుగు రకాల జవాబులొస్తాయి. బాస్టియన్ అనే తహసీల్దారు దుర్మార్గుడు కాబట్టి అని ఒకరంటారు. గాంధీగారి సహాయ నిరాకరణ గాలి కొండలదాకా వీచింది కాబట్టి అని ఇంకొకరు. రాజుగారి మీద జనానికున్న నమ్మకం వల్ల అని మరొకరు. అడవి చట్టాల వల్ల అని నాలుగో ఆయన. నాలుగింట్లోనూ నిజముంది. ఏది వేరు, ఏది కొమ్మ అన్న దగ్గరే పేచీ. ఆయన జీవితం మొదటి నుంచి చెప్పుకుంటూ వస్తే ఆ పేచీ కొంతైనా తేలుతుంది.

రాజుగారు పుట్టింది 1897 జూలై 4న, విశాఖ జిల్లా పాండ్రంగిలో. అది అమ్మమ్మగారి ఊరు. సొంత ఊరు భీమవరం దగ్గర మోగల్లు. తండ్రి వెంకటరామరాజు రాజమండ్రి సెంట్రల్ జైల్లో ఫోటోగ్రాఫర్. 1908 గోదావరి పుష్కరాల్లో కలరా వచ్చి ఆయన పోయారు. అప్పటికి పెద్దకొడుక్కి పదకొండేళ్లు. తల్లి సూర్యనారాయణమ్మ ముగ్గురు పిల్లల్ని వెంటేసుకుని బంధువుల అండతో నెట్టుకొచ్చింది. పినతండ్రి రామకృష్ణంరాజు తహసీల్దారు. ఇది గుర్తుపెట్టుకోండి. తెల్లదొరల కొలువులో పనిచేసే ఇంట్లోనే ఈ పిల్లాడు పెరిగాడు. తహసీల్దారు కుర్చీ అంటే ఏమిటో ఇంట్లోంచే చూశాడు.

చదువు ఒకచోట సాగలేదు. భీమవరం, రామచంద్రపురం, నర్సాపురం టేలర్ హైస్కూలు, తుని, విశాఖపట్నం ఇలా తిరిగింది. మధ్యలో మన కాకినాడ పిఠాపురం రాజా హైస్కూల్లో కూడా చదివారు. తర్వాత పెద్ద స్వాతంత్ర్య సమరయోధుడైన మద్దూరి అన్నపూర్ణయ్య ఇక్కడ ఆయనకు క్లాస్‌మేట్. మార్కుల సంగతి పక్కన పెడితే గుర్రపు స్వారీ, జ్యోతిషం, మూలికా వైద్యం, సంస్కృతం మీద ఇష్టం ఎక్కువ. 1916లో ఇల్లు వదిలి ఉత్తరాదికి వెళ్లి కాశీ, హరిద్వారం లాంటి చోట్లన్నీ తిరిగొచ్చారు. 1917లో కృష్ణదేవిపేట చేరారు. అక్కడ చిటికెల భాస్కరుడు అనే ఆయన ఇంటివాళ్లు ఆదరించారు. అప్పటికి ఆయన ఒక యువ సన్యాసి, అంతే. జ్వరమొస్తే మందిచ్చేవారు, ముహూర్తం అడిగితే చెప్పేవారు.

ఇక్కడ కాసేపు రాజుగారిని పక్కన పెట్టి కొండల కథ చెప్పుకోవాలి. ఎందుకంటే ఆయన వచ్చేసరికే ఆ కొండలు చాలాసార్లు మండి ఆరాయి.

గూడెం, రంప కొండల్లో పాలన ముఠాల లెక్కన నడిచేది. ముఠా అంటే కొన్ని ఊళ్ల గుంపు. దానికో ముఠాదారు. కొండవాళ్ల దగ్గర శిస్తు వసూలు చేసి పైవాడికి కట్టడం, తగాదాలు తీర్చడం, అవసరమైతే జనాన్ని కూడగట్టడం అతని పని. ఇంగ్లీషువాళ్లు వచ్చాక అతన్ని మెల్లమెల్లగా చిన్న సర్కారు ఉద్యోగి చేసేశారు. పేరు మిగిలింది, పరపతి పోయింది.

రెండోది కల్లు. కొండవాళ్లకు జీలుగు కల్లు అంటే తాగుడొక్కటే కాదు, వేసవిలో అది సగం తిండి. దాని మీద రంప మన్సబుదారు చిగురు పన్ను వేశాడు. దానికి తోడు సర్కారు కల్లు హక్కుల్ని కాంట్రాక్టర్లకు పాడింది. సొంత చెట్టు గీసుకోవడానికి ఎవడికో డబ్బు కట్టాల్సి వచ్చింది.

మూడోది అప్పు. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక డెల్టా పచ్చబడింది. మన తాతముత్తాతల చేతుల్లో డబ్బు ఆడింది. ఆ డబ్బుతో వ్యాపారులు చింతపండు కోసం, కలప కోసం కొండెక్కారు. ఉప్పు, గుడ్డ అప్పిచ్చి పంట రాయించుకునేవారు. గొడవొస్తే కింద కోర్టులో దావా వేసేవారు. కొండవాడికి సమన్లు చదవడం రాదు, కోర్టుకు రోజుల నడక. అతను రాకుండానే తీర్పు వచ్చేసేది, పశువులు జప్తయ్యేవి. డెల్టా బాగుపడటం, కొండ చితికిపోవడం రెండు వేర్వేరు కథలు కావు. ఈ సంగతి మన పాఠాల్లో పెద్దగా కనబడదు.

ఇవన్నీ కలిసి 1879 మార్చిలో చోడవరం ప్రాంతంలో పగిలాయి. అదే మొదటి పెద్ద రంప పితూరీ. పోలీసు స్టేషన్లు తగలబడ్డాయి, సైన్యం దిగింది. నాయకుల్లో ఒకడైన కారం తమ్మన్నదొరను 1880లో చంపేశాక గానీ అది చల్లారలేదు. సర్కారు మన్సబుదారీ రద్దు చేసింది. సమస్య తీరిందనుకుంది.

కానీ 1882లోనే మద్రాసు అటవీ చట్టం వచ్చింది. పోడు అంటే కొండవాలు మీద చెట్లు కొట్టి, ఎండాక కాల్చి, ఆ బూడిదలో విత్తడం. రెండు మూడేళ్లయ్యాక ఆ చోటు వదిలేసి అడవి మళ్లీ ఎదిగేదాకా ఇంకోచోటికి పోవడం. చట్టం గీత గీసి రిజర్వు అడవి అంది. నిన్నటిదాకా పొలం అయినది తెల్లారేసరికి నేరం అయింది. వంటచెరుకు తెచ్చుకున్నా, మేకలు తోలినా గార్డు చేయి చాచేవాడు. ఆ తర్వాత కూడా చిన్న చిన్న పితూరీలు వస్తూనే ఉన్నాయి. 1886లో గూడెంలో, 1900లో కొర్రా మల్లయ్య పేరుతో, 1916 ప్రాంతంలో లాగరాయిలో. చరిత్రకారుడు డేవిడ్ ఆర్నాల్డ్ ఈ కొండల తిరుగుబాట్ల మీద 1982లో రాసిన వ్యాసంలో 1839 నుంచి 1924 దాకా వీటన్నిటినీ ఒకే వరసగా చూశాడు. అలా చూస్తే రాజుగారిది మొదటి పితూరీ కాదు, చివరిది.

మళ్లీ రాజుగారి దగ్గరికి వద్దాం. కృష్ణదేవిపేటలో ఆయన జనంతో కలిసిపోయారు. తాగుడు మానమన్నారు, కోర్టులకు పోకుండా పంచాయితీల్లో తేల్చుకోమన్నారు. ఇది సహాయ నిరాకరణ రోజుల మాట. పోలీసులకు అనుమానమొచ్చి ఆయన మీద నిఘా పెట్టారు, కొన్నాళ్లు కొండల నుంచి దూరంగా ఉంచారు. పోలవరం డిప్యూటీ కలెక్టరు ఫజులుల్లాఖాన్ మాత్రం ఆయన్ని నమ్మి, పైడిపుట్టలో కొంత భూమి ఇప్పించాడు. సర్కారులో అందరూ ఒకేలా లేరని దీన్నిబట్టి తెలుస్తుంది.

అప్పుడే నర్సీపట్నం నుంచి లంబసింగి మీదుగా చింతపల్లికి ఘాట్ రోడ్డు పడుతోంది. చలికాలంలో మంచు చూద్దామని బైకులేసుకుని మనం లంబసింగి వెళ్తాం కదా, ఆ దారే. సివిల్ బ్రాంచి వాళ్లకు అది మంచి అలైన్‌మెంట్‌లా కనబడొచ్చు. రాళ్లు మోసినవాళ్లకు అలా కనబడలేదు. గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ కొండవాళ్లను బలవంతంగా పనికి ఈడ్చుకొచ్చేవాడు. రావాల్సిన కూలి చేతికొచ్చేది కాదు, ఎదురు చెబితే కొరడా. బట్టిపనుకులకు చెందిన గాం గంటందొర ఇతనితో తగాదాపడి మునసబు పదవీ భూమీ పోగొట్టుకున్నాడు. అతని తమ్ముడు మల్లుదొర. రాజుగారు బాస్టియన్ మీద పైవాళ్లకు ఫిర్యాదు చేశారు. ఏమీ జరగలేదు. దరఖాస్తు దారి మూసుకుపోయింది.

1922 ఆగస్టు 22న సుమారు మూడొందల మందితో చింతపల్లి పోలీసు స్టేషన్ మీద పడ్డారు. మర్నాడు కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి. మూడు రోజుల్లో మూడు స్టేషన్లు, 26 తుపాకులు. రాజవొమ్మంగిలో ఖైదులో ఉన్న మొట్టడం వీరయ్యదొరను విడిపించారు. ఏమేం తీసుకెళ్తున్నారో రికార్డులో రాసి రాజుగారు సంతకం పెట్టారట. తర్వాతి దాడులకు ముందే కబురు పంపేవారు. దాన్నే జనం మిరపకాయ టపా అన్నారు. అక్టోబరులో అడ్డతీగల, రంపచోడవరం మీదికి వెళ్లేసరికి పోలీసులు ఆయుధాలు ముందే దాచేశారు.

సెప్టెంబరు 24న దామనపల్లి ఘాట్‌లో మాటు వేసి, ముందు నడుస్తున్న దేశీ సిపాయిల్ని వదిలేసి, స్కాట్ కవర్డ్, హైటర్ అనే ఇద్దరు తెల్ల అధికారుల్ని కాల్చారు. వాళ్ల సమాధులు ఇప్పటికీ నర్సీపట్నంలో ఉన్నాయి. ఆ తర్వాత సర్కారు మలబారు స్పెషల్ పోలీసుల్ని దింపింది. డిసెంబరు 6న పెద్దగడ్డపాలెం దగ్గర రాజుగారి దళం గట్టిగా దెబ్బతింది. కొన్ని నెలలు ఆయన జాడ లేదు. చచ్చిపోయాడని పుకార్లు పుట్టాయి. 1923 ఏప్రిల్లో హఠాత్తుగా అన్నవరంలో ప్రత్యక్షమయ్యారు, కొండెక్కి సత్యదేవుణ్ణి దర్శించుకున్నారు.

అదే ఏడాది డిసెంబరు ఆఖర్లో మన కాకినాడలో కాంగ్రెస్ మహాసభ జరిగింది. మౌలానా మహమ్మద్ అలీ అధ్యక్షుడు. దేశమంతా ఇక్కడికొచ్చింది. అడ్డతీగల అడవులు ఇక్కడికి వంద కిలోమీటర్లలోపే. అక్కడ తుపాకులు పేలుతుంటే ఇక్కడ శాసనసభలకు పోవాలా వద్దా అన్న చర్చ నడిచింది. కాంగ్రెస్ అహింస దారి వేరు, నిజమే. కానీ గాంధీగారి పేరు మీద కల్లు మానమన్న మనిషినీ, ఆయన వెంట నడిచిన కొండజనాన్నీ ఆ సభ తనవాళ్లనుకోలేదు. ఇది గమనిస్తే తిరుగుబాటుకి మూలం సహాయ నిరాకరణే అన్న వాదన కొంచెం వదులవుతుంది. గాలి మైదానం నుంచి వీచింది, ఎండుపుల్లలు మాత్రం కొండవే.

1924 మొదట్లో అస్సాం రైఫిల్స్ వచ్చింది. ఏప్రిల్లో రూథర్‌ఫర్డ్ స్పెషల్ కమిషనర్‌గా దిగి ఊళ్ల మీద ఒత్తిడి పెంచాడు. తిండి పెట్టినవాణ్ణి, దారి చూపినవాణ్ణి పట్టుకుని కొట్టడంతో జనం బెదిరిపోయారు. ఈ రెండేళ్లలో ఎక్కువ నష్టపోయింది పేరులేని ఆ ఊళ్లవాళ్లే. మే 7న మంప దగ్గర రాజుగారు పట్టుబడ్డారు. కొయ్యూరులో మేజర్ గుడాల్ ముందుకు తీసుకెళ్లాక ఆయన్ని కాల్చి చంపారు. పారిపోబోయాడని సర్కారు రాసుకుంది. చెట్టుకి కట్టి కాల్చారని జనం చెప్పుకుంటారు. విచారణ మాత్రం లేదు. అప్పటికి ఆయనకు ఇరవై ఏడు నిండలేదు. కృష్ణదేవిపేటలో సమాధి ఉంది. మరునెలలో గంటందొర కాల్పుల్లో పోయాడు.

ఇప్పుడు పేచీకి వద్దాం. బాస్టియనే కారణమైతే, అతన్ని బదిలీ చేస్తే సరిపోయేది. కానీ అతను రాకముందే 1879 జరిగింది. రాజుగారే కారణమైతే, ఆయన రాకముందే అన్ని పితూరీలు ఎలా వచ్చాయి? ఆయన లేకపోతే ఈ పితూరీ రెండేళ్లు నిలిచేది కాదు, మూడు స్టేషన్లు అంత క్రమశిక్షణతో పడేవి కావు. అది ఒప్పుకోవాల్సిందే. అంటే ఆయన తిరుగుబాటుకి రూపం ఇచ్చారు, బాస్టియన్ ముహూర్తం పెట్టాడు. మూలం మాత్రం భూమి, అడవి, కూలి. నలభై ఏళ్లపాటు ఎవరూ వినని మూడు సంగతులు.

ఇలాంటి వాదన ప్రపంచంలో చాలాచోట్ల ఉంది. సోమాలియాలో 1991 జనవరిలో సియాద్ బారే పారిపోయాక దేశం ముక్కలైంది. ఎందుకంటే చాలామంది ఒక్క ముక్కలో తెగల కొట్లాట అనేస్తారు. కానీ ఆ తెగలు వందల ఏళ్లుగా ఉన్నాయి. మధ్యలో జరిగింది ఏమిటి? బ్రిటన్, ఇటలీ విడివిడిగా ఏలిన ముక్కల్ని 1960లో అతికించారు. 1969లో సైనిక నియంతృత్వం వచ్చింది. 1977-78 ఒగాడెన్ యుద్ధంలో దేశం ఓడింది. రెండు అగ్రరాజ్యాల ఆయుధాలు వంతులవారీగా దిగాయి. పాలకుడు తనవాళ్లను పెంచి, పరాయివాళ్లని అణచి, 1988లో హర్గీసా మీద సొంత విమానాలతో బాంబులు వేయించాడు. రక్షించాల్సిన సర్కారే చంపడం మొదలుపెట్టాక మనిషి తన తెగ నీడకు పరిగెత్తాడు. మన్యంలో ముఠా ఎలాంటిదో అక్కడ తెగ అలాంటిది. జనం కూడే చోటు అది. కూడాల్సిన అవసరం ఎక్కణ్ణుంచి వచ్చిందన్నది వేరే ప్రశ్న. కొండవాళ్లు మొదట్నుంచీ అంతే, కయ్యానికి కాలు దువ్వుతారు అని ఆనాటి అధికారులు అనుకోవడం కూడా ఈ రెండు ప్రశ్నల్నీ కలిపేయడమే.

కారణం పేరు తప్పు పెడితే మందు కూడా తప్పవుతుంది. తిరుగుబాటుకి కారణం ఒక మనిషి అనుకున్నారు కాబట్టి ఆయన తలకు పదివేలు వెల కట్టి, సైన్యాన్ని పంపి, చంపి, ఫైలు మూసేశారు. అడవి చట్టం అలాగే ఉండిపోయింది. ముఠాదారీ పద్ధతిని రద్దు చేసింది 1969లో. ఏజెన్సీ భూములు గిరిజనేతరుల చేతుల్లోకి పోకుండా గట్టి కట్టడి 1/70తో, అంటే 1970లో వచ్చింది. పోడు చేసుకునేవాడికి ఆ నేల మీద హక్కుందని చట్టం ఒప్పుకున్నది 2006లో. 1882 నుంచి లెక్కేసుకోండి, 124 ఏళ్లు.

అండమాన్ జైలు చూసి వచ్చిన గాం మల్లుదొర 1952లో మొదటి లోక్‌సభకు ఎన్నికయ్యాడు. 2022లో పాడేరు కేంద్రంగా అల్లూరి పేరుతో జిల్లా ఏర్పడింది. రేపు మనలో కొందరు రోడ్లకో, డ్యాములకో, గనులకో డ్రాయింగులు గీస్తాం. పోలవరం కోసం ఊళ్లు వదిలినవాళ్లలో ఎక్కువమంది ఈ కొండజనమే. రోడ్డు మంచిదా చెడ్డదా అని మన్యం అప్పుడూ అడగలేదు. ఎవరి నేల మీద, ఎవరి చేత, ఎంత కూలికి అని అడిగింది. ఎస్టిమేట్ వేసేటప్పుడు ఈ మూడు లైన్లకూ చోటుంచుదాం.