మట్టిలో మందు వెదకిన మహనీయుడు

నూజెండ్ల పొలాలలో పనిచేసే రైతు కాలికి గాయమై చీము పడితే, నేడు వైద్యుడు సూక్ష్మజీవుల పెరుగుదలను అరికట్టే మందు వ్రాసి ఇస్తాడు. ఒకనాడు అట్టి గాయమే ప్రాణాంతకమయ్యేది. ఆ దుస్థితిని మార్చిన వారిలో మన తెలుగువాడొకడున్నాడు. ఆయనే డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు. ఆ మహనీయుని జీవితాన్ని మా తోటి విద్యార్థులకు పరిచయం చేయదలచాము.

1895 జనవరి 12న భీమవరంలో ఆయన జన్మించారు. చిన్ననాటనే తండ్రిని కోల్పోయారు. తల్లి వెంకమ్మ నగలమ్మి చదివించింది. మెట్రిక్యులేషన్‌లో రెండు పర్యాయాలు తప్పి, మూడవసారి గట్టెక్కారు. మద్రాసు వైద్యకళాశాలలో చదివేటప్పుడు గాంధీజీ పిలుపు విని ఖద్దరు ధరించగా, ఆంగ్లేయ ఆచార్యుని ఆగ్రహానికి గురయ్యారు. ఎం.బి.బి.ఎస్. బదులు చిన్నదైన ఎల్.ఎం.ఎస్. పట్టమే దక్కింది. తోబుట్టువును సంగ్రహణి వ్యాధి బలిగొన్న దుఃఖం ఆయనను పరిశోధన వైపు నడిపింది.

1923లో అమెరికా చేరి హార్వర్డులో పనిచేశారు. రక్తంలో భాస్వరాన్ని కొలిచే పద్ధతిని ఫిస్కేతో కలిసి 1925లో వెలువరించారు. అయినను అక్కడ స్థిరమైన ఉద్యోగం లభించలేదు. 1940లో లెడర్లే పరిశోధనాలయంలో చేరి, అనతికాలంలోనే అక్కడి పరిశోధనలకు సారథియైనారు. సంగ్రహణి రోగులకు మేలుచేసే ఫోలిక్ ఆమ్లాన్ని 1945లో ఆయన బృందం కృత్రిమంగా తయారుచేసింది. బోదకాలు జ్వరానికి వాడే హెట్రజాన్ కూడా ఆ బృందం కృషిఫలమే.

పెన్సిలిన్‌కు లొంగని సూక్ష్మజీవులెన్నో ఉండేవి. వాటికి విరుగుడు కోసం లెడర్లేవారు పలుచోట్ల నుండి మట్టి నమూనాలు తెప్పించి పరీక్షించారు. డెబ్బదేండ్లు దాటిన వృక్షశాస్త్రజ్ఞుడు బెంజమిన్ డగ్గర్, మిస్సోరీ విశ్వవిద్యాలయపు పొలంలోని మట్టిలో బంగారు వన్నె గల ఒక సూక్ష్మజీవిని 1945లో కనుగొన్నాడు. దాని నుండి వచ్చినదే ఆరియోమైసిన్. అది బాక్టీరియా కణంలో మాంసకృత్తుల తయారీని నిలిపివేస్తుంది. అందుచేత ఆ క్రిమి పెరగజాలదు. టెట్రాసైక్లిన్ జాతి మందులలో ఇదే మొదటిది. 1948లో అది లోకానికి వెల్లడియైనది. ఆ ఆగస్టులోనే, 53 ఏండ్ల ప్రాయంలో, మాతృదేశాన్ని మరల చూడకుండానే సుబ్బారావుగారు కన్నుమూశారు. కీర్తిని సహచరులకు వదలి తాను తెర వెనుక నిలవడం ఆయన స్వభావం. 1953లో ఒక శిలీంధ్రానికి ఆయన పేరిట సుబ్బారోమైసిస్ అని నామకరణం చేశారు.

ఆయన శ్రమఫలాన్ని మనం నిర్లక్ష్యంతో వ్యర్థం చేస్తున్నామని మాకు తోచుచున్నది. వైద్యుని అడుగక మాత్రలు మ్రింగుటవల్లను, అవసరం లేనిచోట వాడుటవల్లను క్రిములు మందులకు లొంగకుండా పోవుచున్నవి. కప్పల చర్మంలోను, మన దేహంలోను సహజంగా ఉండి, క్రిముల పైపొరను ఛేదించే పెప్టైడుల నుండి క్రొత్త మందులు రాబట్టుటకు శాస్త్రజ్ఞులు యత్నిస్తున్నారు. హైదరాబాదులోని సి.సి.ఎం.బి.లోను ఈ పెప్టైడులపై పరిశోధనలు జరిగాయి.

సోదర విద్యార్థులారా! పరీక్షలో తప్పినంతమాత్రాన కృంగిపోవద్దు. రెండుమార్లు తప్పిన భీమవరం బాలుడు కోట్లాది రోగులకు మేలు చేశాడు. ఆయన విడిచిన పనిని కొనసాగించేవారు మనలో నుండియే రావాలని మా ఆకాంక్ష.