షోయబుల్లాఖాను

హైదరాబాదు పాతనగరమున చార్మినారునకు ఉత్తరముగా పత్తర్‌గట్టి యను బజారు గలదు. రాతి కమానుల క్రింద వరుసగా దుకాణములుండును. నిజాము ఏలుబడిలో కచేరీలందును, న్యాయస్థానములందును ఉర్దూయే రాజభాష. ఇట్టి బజారులలో హిందువులు, మహమ్మదీయులు అను భేదము లేక ఉర్దూ పత్రికలు చదువుచుండెడివారు. ఆ భాషలో వ్రాసిన మాట ఏలినవారి చెవిని సూటిగా సోకెడిది. షోయబుల్లాఖాను వ్రాసినది ఆ భాషలోనే.

ఈయన 1920 అక్టోబరు 17న నాటి వరంగల్లు జిల్లాలో, మహబూబాబాదు ప్రాంతమున జన్మించెను. తండ్రి రైల్వే పోలీసు ఉద్యోగి. ఉస్మానియా విశ్వవిద్యాలయ పట్టభద్రునకు ఆనాడు సర్కారు కొలువు దుర్లభము గాదు. ఈయన దానిని కోరక ఒక వారపత్రికలో చేరెను. ప్రభుత్వము దానిని నిషేధించెను. పిమ్మట మందుముల నరసింగరావుగారి రయ్యత్ పత్రికలో పనిచేసెను. అదియు నిలిచిపోయెను.

రెండు పత్రికలు మూతపడుట చూచినవాడు వేరొక వృత్తి వెదకుకొనును. ఈయన 1947 నవంబరులో, బూర్గుల రామకృష్ణరావుగారి తోడ్పాటుతో, స్వయముగా ఇమ్రోజ్ అను దినపత్రికను స్థాపించెను. ఇమ్రోజ్ అనగా నేడు అని యర్థము.

భారతదేశము అప్పటికే స్వతంత్రమయ్యెను. నిజాము దానిలో చేరనొల్లడయ్యెను. కాసిం రజ్వీ నాయకత్వమున రజాకారులు పల్లెలపై బడి దోపిడులు, హత్యలు చేయుచుండిరి. ఇమ్రోజ్ ఆ దురంతములను దాచక ప్రకటించెను. విద్యార్థులారా, షోయబుల్లాఖాను తన మతమును ఎదిరించెనని తలపకుడు. ఆయన ఎదిరించినది మతము పేరు చెప్పి పేదలను హింసించు మూకలను.

బెదరింపు లేఖలు వచ్చెను. పత్రిక ఆగలేదు. 1948 ఆగస్టులో ఏడుగురు మహమ్మదీయ ప్రముఖులు రజాకారుల చర్యలను ఖండించి, భారతదేశమున సంస్థానము చేరవలెనని కోరుచు ఒక ప్రకటన చేసిరి. ఇమ్రోజ్ దానిని అచ్చువేసెను. ఆగస్టు 19న రజ్వీ నగరమున సభ జరిపి, తమకు ప్రతికూలముగా లేచు చేతులను నరికివేయుదుమని బహిరంగముగా హెచ్చరించెను.

ఆ మాట ఆయనకు తెలియకపోలేదు. మరి రెండు దినములు పత్రిక పని యథాప్రకారము చేసెను. ఆగస్టు 21 రాత్రి పని ముగించి, మూసీనదికి ఆవలనున్న కాచిగూడలో బావమరదితో ఇంటికి నడచిపోవుచుండగా దుండగులు చుట్టుముట్టిరి. తుపాకితో కాల్చి, చేయి నరికిరి. అడ్డువచ్చిన బావమరది చేయియు తెగెను. తెల్లవారకమునుపే షోయబుల్లాఖాను ప్రాణములు విడిచెను. అప్పటికి ఆయనకు ఇరువదియెనిమిదేండ్లు నిండలేదు.

ఇరువదియారు దినములకు, సెప్టెంబరు 17న, నిజాము భారతసైన్యమునకు లొంగిపోయెను.