నిరాడంబర యోధుడు సుందరయ్య

కొల్లేటి సీమకు ముఖద్వారమైన ఏలూరులో ఒకప్పుడు బడికి పోయిన బాలురలో పుచ్చలపల్లి సుందరయ్య ఒకరు. 1913 మే 1వ తేదీన నెల్లూరు జిల్లా అలగానిపాడులో, కలిగిన భూస్వామి యింట ఆయన జన్మించినారు. పెద్దలు పెట్టిన పేరు సుందరరామిరెడ్డి. పసితనముననే తండ్రి గతించగా అక్కగారి యింట పెరిగినారు. బావగారు మునసబు ఉద్యోగి. అందుచేత తిరువళ్లూరు, ఏలూరు, రాజమండ్రి, మద్రాసులలో చదువు సాగినది.

1930లో ఉప్పు సత్యాగ్రహం ఆరంభమైనది. పదునేడేండ్ల సుందరయ్య మద్రాసు లయోలా కళాశాలను విడిచి, నాడు ఏలూరు, తాడేపల్లిగూడెములు రెండును చేరియుండిన పశ్చిమ గోదావరి జిల్లాకు వచ్చి సత్యాగ్రహులలో చేరినారు. దాని ఫలితం కారాగారం. పిమ్మట అమీర్ హైదర్ ఖాన్ సాంగత్యం ఆయనను సామ్యవాదం వైపు మరల్చినది. తెల్లదొరలు పోయినంతమాత్రాన పాలేరు బ్రతుకు మారునా అను ప్రశ్న ఆయనను వెంటాడినది. అందుకే స్వగ్రామంలో వ్యవసాయ కూలీలను సంఘటితపరచినారు. పేరు చివరనున్న కులసూచకాన్ని త్యజించినారు. 1934లో ప్రభుత్వం కమ్యూనిస్టు పార్టీని నిషేధించినను, ఆంధ్రలోనే గాక తమిళ, కేరళ దేశాలలో సైతం దానికి పునాదులు వేసినారు.

అయితే 1942లో కఠిన పరీక్ష ఎదురైనది. సోవియట్ దేశంపై హిట్లరు దండెత్తిన పిదప, ఆ యుద్ధాన్ని ప్రజాయుద్ధమని తలచిన పార్టీ క్విట్ ఇండియా ఉద్యమంలో చేరలేదు. నిషేధం తొలగినది, కాని జాతీయవాదుల మనస్సులు విరిగినవి. ఆ నిర్ణయంపై విమర్శ నేటికీ ఆగలేదు. సుందరయ్య జీవితాన్ని తూచువారు త్యాగాన్నీ, ఈ వివాదాన్నీ ఒకే త్రాసులో ఉంచవలసియున్నది.

1943లో లీలగారిని వివాహమాడినారు. ప్రజాసేవకు ఆటంకం కారాదని దంపతులు సంతానం వద్దనుకొన్నారు. 1946 నుండి 1951 వరకు నడచిన తెలంగాణ సాయుధ పోరాట నాయకులలో ఆయన ఒకరు. 1952లో రాజ్యసభలో ప్రవేశించి, పార్లమెంటుకు సైకిలుపై వెళ్లినారు. 1955లో ఏలూరు, బెజవాడల నడుమనున్న గన్నవరం నుండి శాసనసభకు ఎన్నికైనారు. 1964లో పార్టీ చీలినప్పుడు మార్క్సిస్టు పార్టీకి తొలి ప్రధాన కార్యదర్శి అయినారు. 1976లో సహచరులతో అభిప్రాయభేదం కలుగగా ఆ పదవినే వదలుకొన్నారు. నమ్మని మార్గానికి నాయకత్వం వహించుట ఆయనకు సమ్మతం కాలేదు.

1985 మే 19న ఆయన కన్నుమూసినారు. సిద్ధాంతంతో ఏకీభవింపనివారు సైతం, చెప్పినదానిని ముందు తన యింట ఆచరించిన మనిషిగా ఆయనను గౌరవించినారు. విద్యార్థులు గ్రహింపదగినది ఈ గుణమే.