మహబూబ్ పాషా – సరూర్‌నగర్ హాస్టలు



ఈసారి మన గోడపత్రికకు ఒక ప్రముఖుని జీవితం రాసే వంతు నాది. గాంధీగారు, అంబేడ్కర్ గారు, కొమురం భీం ఇప్పటికే మన గోడ మీదికి వచ్చేశారు. అందుకని నేను ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీఖాన్ గురించి రాస్తున్నాను. రాజులతో మనకేం పని అని మా డార్మెటరీలో నన్ను ఎగతాళి చేశారు. పని ఉన్నది, చదవండి.

పోయిన నెల నా కండ్లు చూపించడానికి వార్డెన్ సార్ నన్ను పట్నం తీసుకుపోయారు. నాదర్‌గుల్ నుంచి బస్సులో ఎల్బీనగర్ పోయి మెట్రో ఎక్కినాం. నేను మెట్రో ఎక్కడం అదే మొదలు. ఎల్బీనగర్ దాటగానే వచ్చే స్టేషన్ పేరు విక్టోరియా మెమోరియల్. ఆ పేరు ఎవరిదని సార్‌ని అడిగాను. పేరు ఇంగ్లండు రాణిదే కాని ఆ జాగ అనాథపిల్లల హాస్టలుదని, దాన్ని పెట్టించింది మహబూబ్ అలీఖాన్ అని సార్ చెప్పారు. నా కండ్లకు దూరం సరిగ్గా ఆనదు కాబట్టి చెట్లు తప్ప ఏమీ కనపడలేదు. కాని ఆ రాజు పేరు నాకు కొత్త కాదు. మాది మహబూబాబాద్ దగ్గర తండా. ఆ ఊరికి ఆ పేరు ఆయన వల్లనే వచ్చింది. మా పెద్దవాళ్లు ఇంకా మానుకోట అనే అంటారు. మహబూబ్‌నగర్ పేరు కూడా ఆయనదే. 1890లో పెట్టారు.

మహబూబ్ అలీఖాన్ 1866 ఆగస్టు 17న హైదరాబాదులో పుట్టారు. తండ్రి ఐదవ నిజాం అఫ్జలుద్దౌలా. 1869 ఫిబ్రవరిలో తండ్రి చనిపోయారు. అప్పటికి ఈ పిల్లవాడికి రెండున్నరేండ్లు. ఆ వయసులో కుడి చెప్పు ఏదో ఎడమ చెప్పు ఏదో మనకు తెల్వదు. ఆయనను మాత్రం గద్దె మీద కూర్చోబెట్టారు. రాజ్యం పని మొదటి సాలార్‌జంగ్, అమీరె కబీర్ అనే ఇద్దరు పెద్దలు చూసుకున్నారు. చదువు చెప్పడానికి కెప్టెన్ జాన్ క్లార్క్ అనే ఇంగ్లీషు ఆయనను పెట్టారు. ఉర్దూ, ఫారసీ, ఇంగ్లీషు, గుర్రపుస్వారీ అన్నీ నేర్పించారు. 1877లో పదేండ్ల వయసులో ఢిల్లీ దర్బారుకు పోయి అంతమంది రాజుల నడుమ కూర్చున్నారు.

తల్లి ఉన్నది, నాయనమ్మ ఉన్నది, నౌకర్లకు లెక్కే లేదు. అయినా ఎప్పుడు చదవాలి, ఎవరితో ఉండాలి అన్నది ఇంటివాళ్లకంటే బయటివాళ్లే ఎక్కువ నిర్ణయించారు. ఇది చదివినప్పుడు నాకు మన విజిల్ గుర్తొచ్చింది. తెల్లారి 5 గంటలకు విజిల్, తర్వాత పీటీ, నల్లా దగ్గర లైను, రాగిజావ, స్టడీ అవర్. ఆయనకు జావ కోసం లైను ఉండదు లెండి.

ఆయనను పెంచి పెద్ద చేసిన సాలార్‌జంగ్ 1883 ఫిబ్రవరిలో కలరాతో పోయారు. దివాను దేవిడీలోనే కలరా రోగిని నిలపలేకపోయారంటే ఊర్లల్లో జనం సంగతి ఏమిటో ఆలోచించండి. ఆ కాలంలో కరువులు, కలరాలు వచ్చిన ప్రతిసారీ తల్లిదండ్రులు లేని పిల్లలు మిగిలేవారు. మరుసటి ఏడు, 1884 ఫిబ్రవరి 5న, వైస్రాయి లార్డ్ రిప్పన్ వచ్చి మహబూబ్ అలీఖాన్‌కు పూర్తి అధికారం అప్పగించారు. అప్పటికి ఆయనకు పదిహేడేండ్లే, మన ఇంటర్ అన్నల వయసు.

ఆయన వైభోగం గురించి చాలా కథలున్నాయి. రెండు మాత్రం చెప్తాను. పురానీ హవేలీలో ఆయన బట్టల కోసం ఒక పొడవైన హాలంతా రెండంతస్తుల చెక్క బీరువాలే. పైకి ఎక్కడానికి చేత్తో తిప్పే లిఫ్టు కూడా ఉంది. అక్కడ ఇప్పుడు నిజాం మ్యూజియం ఉంది, ఎక్స్‌కర్షన్‌కు తీసుకుపోతే చూడవచ్చు (వార్డెన్ సార్ గమనించగలరు). వేసిన బట్టలు మళ్లీ వేసేవారు కాదంటారు. మన బట్టలన్నీ ఒక్క ట్రంకు పెట్టెలో పడతాయి, అందులోనే పుస్తకాలు, సబ్బు, అమ్మ పంపిన మక్కప్యాలాలు కూడా. రెండోది జాకబ్ వజ్రం. సుమారు 185 క్యారెట్లు. దాని బేరం మీద 1891లో కలకత్తా కోర్టులో కేసు నడిచింది. ఆయనకు ఆ వజ్రం మీద మనసు విరిగి పక్కన పడేశారు. చనిపోయిన తర్వాత కొడుకు ఉస్మాన్ అలీఖాన్‌కు అది ఒక బూటు ముందు భాగంలో దొరికిందని చెప్తారు. ఇప్పుడది భారత ప్రభుత్వం దగ్గర ఉంది.

ఇంత పైసా ఉన్న మనిషి మంచివాడెట్లయితాడని నా పక్క బెడ్డు అతను అడిగాడు. నేను కూడా అదే అనుకున్నాను. కాని జనం ఆయనను ఇష్టంగా మహబూబ్ పాషా అని పిలుచుకున్నారు. 1908 సెప్టెంబరు 28న మూసీ వరద వచ్చి వేలమంది కొట్టుకుపోయారు. ఉస్మానియా ఆస్పత్రి ఆవరణలోని చింతచెట్టు ఎక్కి సుమారు 150 మంది బతికారు, ఆ చెట్టు గురించి మన సోషల్ సార్ కూడా చెప్పారు. అప్పుడు ఆయన ఇండ్లు పోయిన వాళ్లకు రాజభవనాల తలుపులు తెరిపించి అన్నం పెట్టించారు.

సరూర్‌నగర్ భవనం సంగతి అంతకన్నా కొద్దిగా ముందు. ఆ భవనాన్ని మొదట రాజమహలుగానే కట్టించారు. ఆయన అందులో కాపురం పెట్టలేదు. అచ్చిరాలేదని కొందరు, ఇంకేదో అని కొందరు చెప్పుకుంటారు. విక్టోరియా రాణి 1901 జనవరిలో చనిపోయింది. ఆ తర్వాత కొద్ది ఏండ్లలోనే ఆ మహలును రాణి పేరు మీద అనాథపిల్లల ఆశ్రమం చేశారు. మన దేశాన్ని ఏలిన రాణి పేరు పెట్టడం నాకు నచ్చలేదు. పిల్లలకు మహలు ఇవ్వడం నచ్చింది. అప్పుడు పట్నానికి బయట చెట్లూ చేన్ల నడుమ ఉన్న జాగ అది. ఇప్పుడు చుట్టూ దుకాణాలు, ముందర మెట్రో.

ఇక్కడ వార్డెన్ సార్ ఒక మాట చెప్పారు. మహలు ఇవ్వడం ఒక్కరోజు పని అట. ఆ తెల్లారి నుంచి పిల్లలను లేపాలి, తలకు నూనె రాయాలి, గజ్జి ఉంటే మందు పూయాలి, రాత్రి కొత్త పిల్లవాడు ఏడిస్తే పక్కన కూర్చోవాలి, బియ్యం అయిపోకముందే బియ్యం తెప్పించాలి. నూరేండ్లకు పైగా అక్కడ రోజూ ఎవరో ఒకరు ఆ పని చేశారు. నేను చూసిన పుస్తకంలో రాజు పేరు ఉంది, ఆ వంటవాళ్ల పేర్లు, ఆయాల పేర్లు లేవు. మన వంట అక్కల పేర్లయినా ఎక్కడన్నా రాసి పెట్టాలని నాకనిపించింది.

ఇంకో సంగతి కూడా దాచకుండా రాయాలి. పట్నంలో అనాథలకు మహలు దొరికింది కాని, ఆ కాలంలో మన తండాల్లో, గూడేల్లో బడి లేదు. ఆదిలాబాద్ వైపు మార్లవాయిలో గోండు టీచర్ల శిక్షణ కేంద్రం వచ్చింది 1943లో, కొడుకు పాలనలో, అదీ కొమురం భీం చనిపోయిన తర్వాత. కాబట్టి మహబూబ్ పాషా అందరికీ తండ్రి అని నేను రాయను.

మరి ఆయననే ఎందుకు పట్టుకున్నాననంటే, మా దాది వల్ల. దాది అంటే మా భాషలో నాయనమ్మ. పాము కరిస్తే మహబూబ్ పాషా పేరు తలిస్తే విషం దిగుతదని వాళ్ల పెద్దలు చెప్పేవారట. ఏ అర్ధరాత్రి వచ్చినా పాము కరిచినవాళ్లను తన దగ్గరికి పంపమని ఆయన నౌకర్లకు ఆజ్ఞ ఇచ్చారని కూడా చెప్పుకుంటారు. నాకు మూడేండ్లప్పుడు మా నాన్నకు మిర్చి చేనులో పాము కరిచింది. దాది ఆ పేరు ఎన్నిసార్లు తలిచిందో. ఆటో దొరికి ఆస్పత్రికి పోయేసరికి నాన్న లేడు. ఈ సంగతి మెట్రోలో సార్‌కి చెప్పాను. అన్ని పాములకూ విషం ఉండదని, అందుకే కొందరు మంత్రంతో బతికినట్టు కనపడతారని, విషం ఎక్కితే ఆస్పత్రిలో ఇచ్చే విరుగుడు ఇంజక్షన్ తప్ప మందు లేదని సార్ నిదానంగా చెప్పారు. దాది మీద కోపం పెట్టుకోవద్దన్నారు. నాకు కోపం లేదు. అర్ధరాత్రి అయినా తలుపు కొట్టడానికి ఒక ఇల్లు ఉన్నదని జనం నమ్మారు కదా, నాకు ఆ కథలో అదే ఇష్టం.

మహబూబ్ అలీఖాన్ 1911 ఆగస్టు 29న ఫలక్‌నుమాలో చనిపోయారు. నలభై ఐదేండ్లే. మక్కా మసీదు ఆవరణలో ఆయన సమాధి ఉన్నది.

కండ్ల డాక్టరు దగ్గర ఆలస్యమై, తిరిగి వచ్చేసరికి చీకటి పడింది. కొత్త అద్దాలు పెట్టుకుని కిటికీ దగ్గర నిలబడ్డాను. విక్టోరియా మెమోరియల్ స్టేషన్ రాగానే చూశాను. చెట్ల సందులో లైట్లు కనపడ్డాయి. టైము ఏడున్నర. వాళ్లకు కూడా అన్నం గంట కొట్టే వేళే అయి ఉంటది. మేము నాదర్‌గుల్ చేరేసరికి మెస్సు మూసి, రాత్రి అటెండెన్స్ కూడా అయిపోయింది. నా బెడ్డు మీద ఒక ప్లేటు, దాని మీద ఇంకో ప్లేటు బోర్లించి ఉంది. అన్నం, పప్పు. గుడ్డు మాత్రం సగమే ఉంది. మిగిలిన సగం ఎవరు తిన్నారో నాకు తెలుసు, పేరు రాయడం లేదు.

– 9వ తరగతి విద్యార్థి