యంత్రానికి హద్దు చూపిన మేధావి

1908వ సంవత్సరంలో పార్వతీపురంలో జూలియస్ ట్యూరింగ్ అనే ఆంగ్లేయ ఉద్యోగి కాపురముండేవాడు. ఇండియన్ సివిల్ సర్వీసులో చేరి, మద్రాసు రాజధానిలో కర్నూలు, అనంతపురం, బెజవాడ, శ్రీకాకుళం మొదలైన చోట్ల పనిచేసినవాడతడు. అతని భార్య ఈథెల్ సారా మద్రాసు రైల్వే ప్రధాన ఇంజనీరు కుమార్తె, పోదనూరులో పుట్టినది. ఈ దంపతుల రెండవ కుమారుడే గణనశాస్త్రానికి పునాది వేసిన అలన్ ట్యూరింగ్.

అలన్ 1912 జూన్ 23న లండనులో జన్మించినాడు. తండ్రి కొలువు ఇక్కడ, బిడ్డల పెంపకం అక్కడ. అందుచేత అతని బాల్యం చాలవరకు పరుల ఇంట గడిచింది. షెర్బోర్న్ పాఠశాలలో క్రిస్టొఫర్ మోర్కం అనే సహాధ్యాయి అతనికి ప్రాణమిత్రుడైనాడు. 1930లో ఆ మిత్రుడు క్షయవ్యాధితో మరణించినాడు. ఆ దుఃఖాన్ని దిగమ్రింగుకొని అలన్ కేంబ్రిడ్జిలోని కింగ్స్ కళాశాలలో చేరి, 1935లో, ఇరవైరెండేళ్ళ వయస్సులోనే, అక్కడ ఫెలోగా ఎన్నికైనాడు.

ఆనాడు గణితవేత్తల ముందు జర్మన్ పండితుడు హిల్బర్ట్ ఉంచిన ప్రశ్న ఒకటి ఉన్నది. ఏ గణితవాక్యాన్ని ఇచ్చినా, అది నిరూపణకు లొంగుతుందో లేదో నియమబద్ధంగా తేల్చిచెప్పే విధానం ఉన్నదా అన్నదే ఆ ప్రశ్న. దీనికి బదులు చెప్పాలంటే అసలు విధానమనగా నేమో ముందు తేలాలి. ట్యూరింగ్ ఒక యంత్రాన్ని ఊహించినాడు. గళ్ళు గీచిన అంతులేని కాగితపు పట్టీ. ఒక్కొక్క గడిలో ఒక గుర్తు. దానిని చదివి, చెరిపి, వ్రాసి, ఒక గడి ముందుకో వెనుకకో జరగడమే యంత్రం పని. మనిషి నియమం ప్రకారం చేయగల లెక్కలన్నీ ఈ యంత్రమూ చేయగలదని అతడు వాదించినాడు. తగిన ఆదేశాలను పట్టీపై వ్రాసి ఇస్తే, ఇటువంటి యంత్రాలన్నింటి పనినీ ఒక్క యంత్రమే చేయగలదనీ చూపినాడు. నేటి కంప్యూటరుకు బీజం అదే.

అయితే అదే వ్యాసంలో, 1936లో, ఆ యంత్రానికి అసాధ్యమైన పనులున్నవని కూడా నిరూపించినాడు. నేటి ఉపాధ్యాయులు దానిని ఇట్లా బోధిస్తారు: ఏ లెక్క ఆగుతుందో, ఏది ఆగదో ముందే చెప్పగల యంత్రం ఉన్నదనుకొందాము. అది ఆగుతుందంటే ఆగకుండా, ఆగదంటే ఆగిపోయే మరొక యంత్రాన్ని కల్పించి, దాని సంగతినే దానిని అడిగితే, చెప్పిన జవాబు తప్పక అబద్ధమవుతుంది. కనుక అటువంటి యంత్రం ఉండనేరదు. అమెరికాలో ఆలంజో చర్చి వేరొక మార్గాన ఇదే ఫలితాన్ని అప్పటికే సాధించినాడు. ట్యూరింగ్ ప్రిన్‌స్టనుకు వెళ్ళి, ఆయన పర్యవేక్షణలో పరిశోధన సాగించి, 1938లో డాక్టరేటు పొందినాడు.

రెండవ ప్రపంచయుద్ధంలో బ్లెచ్లీ పార్కులో జర్మనుల ఎనిగ్మా రహస్యలిపిని ఛేదించినవారిలో ఇతడు ముఖ్యుడు. ఆ సేవ దశాబ్దాలపాటు రహస్యంగానే ఉండిపోయింది. ఆ దేశమే 1952లో, పురుషునితో సంబంధం కలిగి ఉన్నాడన్న నేరం మోపి, అతనిని శిక్షించింది. కారాగారానికి బదులుగా ఏడాదిపాటు హార్మోనుల చికిత్సను అతడు భరించవలసివచ్చింది. 1954 జూన్ 7న సయనైడు విషంవల్ల మరణించినాడు. విచారణలో అది ఆత్మహత్య అని తీర్పు వచ్చింది. అప్పటికి అతనికి నలుబదిరెండేళ్ళయినా నిండలేదు. 2009లో ప్రధానమంత్రి క్షమాపణ చెప్పినాడు. 2013లో రాణి క్షమాభిక్ష ప్రసాదించింది. న్యాయం వచ్చింది కాని, అందుకొనేవాడు లేడు.

ఒక లెక్క సాధ్యమా అన్న అతని ప్రశ్న నుండి, సాధ్యమైతే ఎంత కాలంలో అన్న ప్రశ్న పుట్టింది. 1965లో హార్ట్‌మానిస్, స్టెర్న్స్ పండితులు ట్యూరింగ్ యంత్రపు అడుగులనే కాలానికి కొలతగా గ్రహించినారు. జవాబును త్వరగా సరిచూడగల ప్రతి లెక్కనూ త్వరగా సాధించగలమా అన్నది 1971 నుండి నేటివరకు తేలని చిక్కు.

1966 నుండి ట్యూరింగ్ పేరిట గణనశాస్త్రంలో అత్యున్నత పురస్కారాన్ని ఇస్తున్నారు. 1994లో దానిని అందుకొన్న ఇద్దరిలో ఒకరు చిత్తూరు జిల్లా కాటూరులో జన్మించిన రాజ్ రెడ్డి. తండ్రి కొలువు చేసిన తెలుగునేలకు కుమారుని పేరు ఆ విధంగా, గౌరవచిహ్నమై, చేరింది.