వంశధార గట్టు దారిలో గిడుగువారి జీవితం

కళింగపట్నం దగ్గర వంశధార సముద్రంలో కలుస్తుంది. ఒకనాడు ఓడలు ఆగిన రేవు ఇది. ఇప్పుడు దీపస్తంభం, ఇసుక తిన్నెలు, సరుగుడు తోటలు మిగిలాయి. ఈ ఊరినుంచి నదికి ఎదురుగా పైకి వెళ్లేవారికి బస్సులు, లారీలు తిరిగే తారురోడ్డుతోపాటు మరో రకం దారులు కూడా ఉన్నాయి. ఏటి గట్లు, సాగునీటి కాలువ గట్లు, ఊరికీ ఊరికీ మధ్య గ్రావెలు పరచిన పొలం దారులు అవి. వాటిమీద హారన్ మోత ఉండదు. ఉదయం పూట ఒక ఎడ్లబండో, పాలక్యాన్లు కట్టిన సైకిలో ఎదురైతే గొప్ప. సర్వీసంతా సైకిలు మీదే ఆఫీసుకో, బడికో వెళ్లివచ్చిన మన పెన్షనరు సోదరులలో చాలామందికి ఇటువంటి దారులు కొత్తవి కావు.

ఈ ప్రత్యేక సంచికకు ఆ దారుల గురించి రాయవలసి వచ్చినప్పుడు, ఈ ఏటి వెంట పుట్టి, పెరిగి, పనిచేసిన ఒక మహనీయుని జీవితం చెప్పడమే మేలనిపించింది. ఆయన కూడా మనవలెనే సర్వీసు చేసి విరమించిన ఉద్యోగి. ఆయనే గిడుగు వెంకట రామమూర్తి పంతులుగారు. వాడుక భాష ఉద్యమానికి పితామహుడని ఆయనను ఎరుగని తెలుగువారు ఉండరు. ఆగస్టు 29వ తేదీని తెలుగు భాషా దినోత్సవంగా జరుపుకొంటున్నది అది ఆయన పుట్టినరోజు కనుకనే. అయితే ఆయన విద్యలో పెద్ద భాగం గ్రంథాలయాలలో కాక గుళ్లలో, గుట్టలపైన, కొండ కాలిబాటల మీద జరిగిందన్న విషయం అంతగా ప్రచారంలోకి రాలేదు.

పుట్టిన ఊరు

రామమూర్తిగారు 1863 ఆగస్టు 29న పర్వతాలపేటలో జన్మించారు. శ్రీకాకుళానికి ఉత్తరంగా ఇరవై మైళ్ల దూరంలో, వంశధార తీరాన, శ్రీముఖలింగ క్షేత్రానికి చేరువగా ఉన్న పల్లె అది. తల్లి వెంకమ్మగారు. తండ్రి వీర్రాజుగారు విజయనగరం సంస్థానంలో రెవెన్యూ ఉద్యోగి. తండ్రికి చోడవరం బదిలీ అయింది. 1875లో అక్కడే విషజ్వరంతో కన్నుమూశారు. అప్పటికి రామమూర్తిగారికి పన్నెండేళ్లు. బదిలీ ఉద్యోగం చేస్తూ ఇంటి పెద్ద పోతే ఆ కుటుంబం ఏమవుతుందో మన పాఠకులకు వేరే చెప్పనక్కరలేదు. మేనమామగారింట ఉండి విజయనగరం మహారాజావారి ఇంగ్లీషు పాఠశాలలో ఆయన చదువుకున్నారు. గురజాడ అప్పారావుగారు అక్కడ సహాధ్యాయి. ఆ స్నేహం చివరిదాకా నిలిచింది.

పర్లాకిమిడి కొలువు

ఇల్లు గడవాలి కనుక పై చదువు మానుకొని 1880లో, పదిహేడో ఏట, పర్లాకిమిడి రాజావారి పాఠశాలలో ఉపాధ్యాయులుగా చేరారు. జీతం ముప్పై రూపాయలు. కొలువు చేస్తూనే ప్రైవేటుగా చదివి 1886లో ఎఫ్.ఏ., 1896లో బి.ఏ. పూర్తిచేశారు. బి.ఏ. చేతికి వచ్చేనాటికి ఆయన వయసు ముప్పై మూడు.

నౌపడానుంచి పర్లాకిమిడికి చిన్నరైలు పడింది 1900లో. అంతకుముందు ఆ ఊరికి రాకపోకలన్నీ బండి మీదనో, కాలినడకనో సాగేవి. ఆ రోజుల్లోనే ఆయన శ్రీముఖలింగం గుళ్లలోని శాసనాల మీద శ్రద్ధ పెట్టారు. పాత లిపులు చదవడం సొంతంగా నేర్చుకొని, రాతి మీది అక్షరాలను కూడబలుక్కొని చదివారు. తూర్పు గాంగరాజుల రాజధాని కళింగనగరం ఈ ముఖలింగమేనని వాదించి నిరూపించారు. చిన్ననాడు తిరిగిన గుడిలోనే ఒక రాజ్యం చరిత్ర ఆయనకు దొరికింది.

సవర కొండలు

పర్లాకిమిడి ఊరు దాటితే మన్యం మొదలవుతుంది. ఆ కొండల్లో సవరలు ఉంటారు. వారి భాష తెలుగుకు గాని ఒరియాకు గాని చుట్టం కాదు. ముండా భాషల కుటుంబానికి చెందినది. అప్పటికి దానికి లిపి లేదు, పుస్తకం లేదు. సంతలకు దిగివచ్చే సవరల మాటలు రామమూర్తిగారి చెవిని పడ్డాయి. ఆ భాష తెలిసిన మనిషిని ఇంట ఉంచుకొని నేర్చుకోవడం మొదలుపెట్టారు. తరువాత తానే కొండలెక్కారు. అక్కడికి బండిబాట కూడా లేదు, ఉన్నవి కాలిబాటలే. గూడెంలో కూర్చుని ఒక్కొక్క మాట అడిగి, విని, పలికి చూసి రాసుకున్నారు. సవర పిల్లలకు వారి భాషలోనే చదువు చెప్పాలని పాఠాలు తయారుచేసి, సొంత ఖర్చుతో బడులు నడిపారు. మద్రాసు ప్రభుత్వం ఇవ్వబోయిన ధన బహుమానాన్ని తాను తీసుకోక, ఆ సొమ్ముతో సవరలకు బడి పెట్టమని కోరారు.

ఈ సేవకు ఆయన చెల్లించిన మూల్యం చాలా పెద్దది. మన్యం జ్వరం పట్టుకుంది. దానికి వాడిన క్వినైను వలన చెవులు దెబ్బతిన్నాయి. వినికిడి శాశ్వతంగా పోయింది. చెవితో విని ఒక భాషను పట్టుకున్న మనిషికి చెవులే లేకుండా పోయాయి. అయినా పని ఆపలేదు. దాదాపు ముప్పై అయిదేళ్ల పరిశ్రమ తరువాత 1931లో సవర భాషకు ఇంగ్లీషులో రాసిన వ్యాకరణం అచ్చయింది. ఆ తరువాత కొద్ది ఏళ్లలో నిఘంటువులు వెలువడ్డాయి. ఒక భాష మాట్లాడే వారిళ్లకు నడిచి వెళ్లి, వారి దగ్గరే శిష్యుడై కూర్చోవడం ఆయన పద్ధతి. తెలుగు విషయంలోనూ ఆయన పట్టుదలకు మూలం ఇక్కడే ఉంది.

విరమణ తరువాత

1911లో, ముప్పై ఒక్క ఏళ్ల సర్వీసు తరువాత, నలభై ఎనిమిదో ఏట ఆయన ఉద్యోగం విరమించారు. మన సభ్యులు ముఖ్యంగా గమనించవలసినది ఇక్కడినుంచే. ఆయనకు పేరు తెచ్చిన పోరాటంలో అధిక భాగం ఉద్యోగం విరమించాక చేసినదే.

బడులలో చెప్పే తెలుగుకు, ఇంట్లో మాట్లాడే తెలుగుకు అంత దూరం ఎందుకన్న ప్రశ్నను 1907 ప్రాంతంలో స్కూళ్ల ఇన్‌స్పెక్టరు యేట్స్ దొర లేవనెత్తారు. గురజాడ, శ్రీనివాస అయ్యంగారు, గిడుగువారు దానికి సమాధానం వెదికారు. గురజాడ 1915లో కన్నుమూశారు. బరువు గిడుగువారి మీద పడింది. 1919లో తెలుగు అన్న పేరుతోనే మాసపత్రిక పెట్టి నడిపారు. అదే ఏడు రాజమహేంద్రవరంలో వీరేశలింగం పంతులుగారు అధ్యక్షులుగా వర్తమానాంధ్ర భాషా ప్రవర్తక సమాజం ఏర్పడింది. పూర్వ కవులు, శాసనాలు, వ్యాఖ్యానాల నుంచి ఉదాహరణలు కుప్పలుగా చూపి, వాడుక మాట తప్పు కాదని సభ తరువాత సభలో వాదించారు. 1925లో తణుకు సభలో నాలుగు గంటల సేపు ప్రసంగించారు. ఎదుటివారి ఆక్షేపణలు చెవికి వినబడని మనిషి వాటికి జవాబులు చెబుతూ ఊరూరా తిరిగారు.

సాలిహుండం కొండ

ఆ 1919లోనే కళింగపట్నానికి ఐదారు కిలోమీటర్ల దూరంలో, వంశధార దక్షిణపు ఒడ్డున ఉన్న సాలిహుండం కొండ మీది బౌద్ధ శిథిలాలను గిడుగువారే తొలిసారి గుర్తించి లోకానికి తెలియజేశారు. అప్పటికి ఆయన వయసు యాభై ఆరు. తరువాత పురావస్తు శాఖ తవ్వకాలు జరిపితే స్తూపాలు, చైత్యాలు, ధాతు పేటికలు, తార, మారీచి విగ్రహాలు బయటపడ్డాయి. ఇప్పుడు ఆ కొండ మీద నిలబడితే ఒక వైపు ఏరు, వరి మళ్లు, మరో వైపు దూరాన సముద్రం కనబడతాయి. కొండకింద సైకిలు ఆనించి మెట్లెక్కే మన మిత్రులు ఆ పేరు ఒకసారి తలచుకోవాలి.

ఊరు విడిచిన రోజు

ఒరిస్సా కొత్త రాష్ట్రంగా ఏర్పడుతున్నప్పుడు పర్లాకిమిడిని అందులో కలపడాన్ని గిడుగువారు గట్టిగా ప్రతిఘటించారు. అందుకోసం తాను కొలువు చేసిన సంస్థానపు రాజావారినే ఎదిరించవలసి వచ్చింది. ఫలితం దక్కలేదు. 1936 ఏప్రిల్ 1న కొత్త రాష్ట్రం ప్రారంభమైంది. ఆ నాడే ఆయన యాభై ఆరేళ్లు బతికిన ఊరిని విడిచి రాజమహేంద్రవరం వచ్చేశారు. డెబ్బై రెండేళ్ల వయసులో ఇల్లు, మిత్రులు, సవర కొండలు అన్నీ వెనక ఉండిపోయాయి. 1938లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తు కళాప్రపూర్ణ బిరుదుతో సత్కరించింది. 1940 జనవరి 22న మద్రాసులో తుదిశ్వాస విడిచారు. ఆ చివరి రోజుల్లో కూడా వాడుక భాషను ఆదరించమని పత్రికా సంపాదకులకు విజ్ఞప్తి చేసుకున్నారు. ఈనాడు మన పత్రికలు, మన పాఠ్యపుస్తకాలు, ఈ సంచిక కూడా ఆయన కోరిన తెలుగులోనే వెలువడుతున్నాయి.

మనకు మిగిలిన దారి

సముద్రతీరపు సరుగుడు తోటలు, సాలిహుండం గుట్ట, కాలువల కింద పచ్చని పొలాలు, అవతలి ఒడ్డున ముఖలింగం గుళ్లు, హిరమండలం దగ్గర గొట్టా బ్యారేజీ, ఆపైన మన్యపు కొండలు. ఒక్క ఏటి వెంట ఇన్ని రకాల నేలలు ఉన్నాయి. ఒక్కరోజులో అంతా చూడాలన్న తొందర వద్దు. మొదట కళింగపట్నం నుంచి సాలిహుండం దాకా వెళ్లివస్తే చాలు. గ్రావెలు మీద టైర్లలో గాలి మరీ బిగుతుగా ఉండరాదు. వానలు పడ్డాక గట్టు జారుతుంది, రెండు రోజులు ఆగాలి. బ్యారేజీనుంచి వరద నీరు వదిలే రోజుల్లో ఏటిలోపలి బాటల జోలికి పోరాదు. మంచినీళ్లు, మందులు, తోడుగా ఒక మిత్రుడు తప్పనిసరి.

కారులో పోయేవాడికి ఊరి పేరు బోర్డు మీద కనబడుతుంది. సైకిలు మీద పోయేవాడిని ఆ ఊరి మనిషే పలకరిస్తాడు. గట్టుమీద ఆగి రెండు మాటలు వినే తీరిక సర్వీసులో మనకు చిక్కలేదు. ఇప్పుడు చిక్కింది. గిడుగువారు తమ చెవులను ధారపోసి చేసిన పనికి మొదటి మెట్టు ఆ వినడమే. వినికిడి మిగిలి ఉన్న మనం, కాళ్లలో సత్తువ ఉన్నంతకాలం ఈ దారుల వెంట ఆ పని కొంచెమైనా చేయడమే ఆ మహనీయునికి మనం అర్పించగల నివాళి.